పత్తి స్లాట్ ఫోన్‌లో, బేరం మిల్లులో: ఈ-కామర్స్‌కీ ఈ-బిజినెస్‌కీ గీత ఎక్కడ పడుతుంది?

పరకాల దగ్గర మా మేనమామకు నాలుగెకరాల పత్తి ఉంది. 2025-26 సీజన్‌లో సీసీఐకి, అంటే కేంద్రం నడిపే భారత పత్తి సంస్థకి, మద్దతు ధరకు అమ్మాలంటే ముందు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు కదా, ఇంట్లో ఫోన్ పని ఏదొచ్చినా నాకే కాబట్టి అదీ నాకే పడింది. ఓటీపీ వస్తుంది, మామ కళ్లజోడు వెతుక్కుంటాడు, టైమ్ అయిపోతుంది, మళ్లీ ఓటీపీ. మొత్తానికి మిల్లు, తేదీ ఎంచుకుని స్లాట్ తీశాం. ఆ రోజు ట్రాక్టర్‌లో పత్తి వేసుకెళ్లాడు, తేమ చూశారు, కాంటా వేశారు, తర్వాత డబ్బులు బ్యాంకు ఖాతాలో పడ్డాయి. మెసేజ్ వచ్చిన సాయంత్రం ఫోన్ చేసి అడిగాడు: "అల్లుడా, టీవీల ఈ-కామర్స్ ఈ-కామర్స్ అంటరు గదా. మరి నేను గూడ పత్తి ఆన్‌లైన్ల అమ్మినట్టేనా?"

ఔననబోయి ఆగాను. స్లాట్ ఆన్‌లైన్, డబ్బులు ఆన్‌లైన్. కానీ అమ్మకం? అది జరిగింది మిల్లు ఆవరణలో, తేమ మిషన్ పత్తిలో పెట్టిన తర్వాత. ఈ చిన్న అనుమానంలోనే ఈ-కామర్స్‌కీ ఈ-బిజినెస్‌కీ ఉన్న తేడా మొత్తం ఉంది. డిగ్రీలో కామర్స్ చదివిన పిల్లలు కూడా ఈ రెండు మాటల్నీ ఒకటిగానే వాడేస్తున్నారు, పరీక్షలో రెండు మార్కులకు తేడా రాసి బయటికొచ్చాక మర్చిపోతున్నారు. వాళ్ల తప్పేం లేదు, ఆ రెండు మార్కుల జవాబు ఎండుగడ్డిలా ఉంటుంది మరి.

బేరం ఎక్కడ తెగింది?

ముందు సాదాగా చెప్పుకుందాం. సరుకైనా సేవైనా నెట్‌వర్క్ మీద అమ్మడం, కొనడం ఈ-కామర్స్. ఇందులో ముఖ్యమైన ఘట్టం ఆర్డరు. "నాకు ఇది కావాలి, ఈ ధరకు తీసుకుంటున్నా" అన్న మాట ఇటునుంచి వెళ్లడం, అటువైపు దాన్ని తీసుకోవడం కంప్యూటర్ల ద్వారా జరగాలి. డబ్బులు ఇంటి గుమ్మం దగ్గర నోట్ల రూపంలో ఇచ్చినా, సరుకు ఆటోలో వచ్చినా ఇబ్బంది లేదు, అది ఈ-కామర్సే.

ఈ-బిజినెస్ ఇంతకన్నా చాలా పెద్ద ఇల్లు. వ్యాపారం నడవాలంటే చేయాల్సిన పనులు ఎన్నుంటాయి? సరుకు తెప్పించడం, గోదాములో ఎంతుందో లెక్క చూడడం, పనివాళ్ల హాజరు, జీతాలు, బిల్లులు, లారీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడం, పాత బాకీలు గుర్తుచేయడం, పన్ను కట్టడం. వీటన్నిటినీ కంప్యూటర్లు, నెట్‌వర్క్ మీదకు తెచ్చి, ఒకదానికొకటి ముడివేసి నడిపితే అది ఈ-బిజినెస్. అమ్మకం ఆ ఇంట్లో ఒక గది. వీధి వైపు తలుపున్న గది కాబట్టి అందరికీ అదే కనిపిస్తుంది.

నేను వాడే గుర్తు ఒక్కటే: బేరం ఎక్కడ తెగింది? నెట్‌వర్క్ మీద తెగితే ఈ-కామర్స్. బేరం మనుషుల మధ్య తెగి, దాని ముందూ వెనకా పనులు మాత్రం నెట్‌వర్క్ మీద నడిస్తే ఈ-బిజినెస్ ఉంది గానీ ఈ-కామర్స్ లేదు. ఈ గుర్తు కూడా కొన్నిచోట్ల బెడిసికొడుతుంది, అక్కడికి చివర్లో వద్దాం.

మామ పత్తికి ఇది పెట్టి చూద్దాం. ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటే ఆ ధర మొత్తం వస్తుంది. అక్కడినుంచి ఒక్కో శాతం పెరిగినకొద్దీ ధరలో ఒక్కో శాతం కోత, 12 దాటితే అసలు కొనరు. అంటే 10 శాతం తేమ వస్తే 8,110లో 2 శాతం, 162 రూపాయల 20 పైసలు పోయి 7,947 రూపాయల 80 పైసలు. 12 వస్తే 7,785 రూపాయల 60 పైసలు. స్లాట్ తీసిన రోజు మామ పత్తి ఎంతకు పోతుందో యాప్‌కు తెలియదు, మామకు తెలియదు, అసలు కొంటారో లేదో కూడా తెలియదు. ఆ యాప్ చేసింది వరస పెట్టడం. ఎవరు ఏ రోజు ఏ మిల్లుకు రావాలో సర్దింది. కొనేవాళ్ల వైపునుంచి చూస్తే అది చక్కటి ఈ-బిజినెస్ పని. డబ్బు నేరుగా ఖాతాలో వేయడం కూడా అంతే. మధ్యలో ఉన్న అమ్మకం మాత్రం తేమ మిషన్, కాంటా, మనిషి కన్ను కలిసి తేల్చింది.

అందుకే మామతో, "లేదు మామా, ఆన్‌లైన్ల లైన్ కట్టినవ్, అమ్మింది మిల్లులనే" అన్నాను. ఆయనకు నచ్చలేదు, అది వేరే సంగతి.

ఏనుమాముల యార్డులో ఒకే బస్తా, రెండు కథలు

ఈ తేడా ఇంకా బాగా కనపడే చోటు వరంగల్ ఏనుమాముల మార్కెట్. ఎండాకాలం మొదలవుతుంటే మిర్చి బస్తాలతో యార్డు ఎర్రగా నిండిపోతుంది, గేటు దాటకముందే దగ్గు మొదలవుతుంది. పొద్దున్నే జెండా పాట. ఖరీదుదారులు ఒక రాశి చుట్టూ చేరి నోటితో పాడతారు, ఆ రోజు పై ధర అక్కడ తేలుతుంది, మర్నాడు పేపర్లో "జెండా పాట క్వింటాలుకు ఇంత" అని వస్తుంది. తర్వాత మిగతా రాశుల దగ్గరికి వెళ్లి సరుకును బట్టి ధర కడతారు. దడువాయి కాంటా వేస్తాడు, హమాలీలు ఎత్తుతారు, రైతు చేతికి తక్‌పట్టీ అనే అమ్మకం రసీదు వస్తుంది.

ఇక ఈ-నామ్, అంటే వ్యవసాయ మార్కెట్లను కలిపే ఆన్‌లైన్ వేదిక. 2016 ఏప్రిల్ 14న కేంద్రం 8 రాష్ట్రాల్లో 21 మార్కెట్లతో దీన్ని మొదలుపెట్టింది, ఆ ఎనిమిదిలో తెలంగాణ ఒకటి. దీని పద్ధతిలో సరుకు గేటు దగ్గరే ఎంట్రీ అవుతుంది, రాశికి ఒక లాట్ నంబరు పడుతుంది, నాణ్యత వివరాలు ఎక్కుతాయి. కొనేవాళ్లు ఒకరి ధర ఒకరికి తెలియకుండా ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ధర వేస్తారు. టైమ్ అయిపోగానే ఎక్కువ వేసినవాళ్ల పేరు తేలుతుంది. రైతుకు ఇష్టం లేకపోతే ఆ ధర వద్దనొచ్చు.

ఇప్పుడు ఒక మిర్చి బస్తా తీసుకుందాం. మొదటి కథలో దాని ధర జెండా దగ్గర నోటితో తెగింది, సాయంత్రం గుమాస్తా ఆ ధరను కంప్యూటర్‌లో ఎక్కించాడు, తక్‌పట్టీ ప్రింట్ తీసి ఇచ్చాడు. రెండో కథలో అదే బస్తాకు ఖరీదుదారులు తెర మీద ధర వేశారు, కంప్యూటర్ విజేతను చెప్పింది, రైతు సరేనన్నాడు. రెండిట్లోనూ ప్రింటు కాగితం ఉంది, రెండిట్లోనూ కంప్యూటర్ ఉంది. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే కనిపెట్టడం కూడా కష్టం. కానీ మొదటిది ఈ-బిజినెస్‌లో రికార్డు పని, రెండోది అసలు సిసలు ఈ-కామర్స్.

దీనివల్ల ఏమైనా ఒరిగేదుందా అంటే ఉంది. నోటి పాటలో యార్డుకు వచ్చి నిలబడ్డవాళ్లే కొనగలరు. తెర మీద పాటలో, నియమాలు ఒప్పుకుంటే, దూరంగా ఉన్నవాళ్లు కూడా ధర వేయొచ్చు. ఎదుటివాడు ఎంత వేశాడో తెలియదు కాబట్టి కూడబలుక్కోవడం కొంచెం కష్టం. అటు ఖరీదుదారుల మాటలోనూ న్యాయం ఉంది: మిర్చిని ఫొటో చూసి, తేమ అంకె చూసి కొనడం కుదరదు, చేత్తో తీసి విరిచి, వాసన చూసి, రంగు చూస్తే గానీ ధర చెప్పలేం అంటారు. ధర తెర మీద వేసినా, వేసేముందు రాశి దగ్గరికి నడిచి వచ్చేది అందుకే. బేరం కంప్యూటర్‌లోకి ఎక్కింది గానీ, సరుకు మీద నమ్మకం ఇంకా చేతివేళ్లలోనే ఉంది.

ఆర్టీసీ బస్సులో జీరో టికెట్

హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు సూపర్ లగ్జరీలో సీటు ముందే ఫోన్‌లో రిజర్వు చేసుకున్నారనుకోండి. సీటు ఎంచుకోవడం, ధర ఒప్పుకోవడం, డబ్బు కట్టడం అన్నీ నెట్‌వర్క్ మీదే. ఈ-కామర్స్.

అదే మీరు బస్టాండులో ఎక్కి కండక్టర్ దగ్గర టికెట్ తీసుకున్నారు. ఆయన టికెట్లు కొట్టే టిమ్ మిషన్ నొక్కాడు, కాగితం బయటికొచ్చింది. బేరం మీకూ కండక్టర్‌కూ మధ్య నోటిమాట మీద జరిగింది, "ఒక జనగామ" అన్నారు, ఆయన ఇచ్చాడు. అది ఈ-కామర్స్ కాదు. కానీ ఆ మిషన్‌లో పడ్డ లెక్క డిపోకు చేరుతుంది, ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారో తెలుస్తుంది, ఏ రూటుకు ఇంకో బస్సు వేయాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది. అది ఈ-బిజినెస్.

ఇక్కడ నాకు బాగా నచ్చే ఉదాహరణ జీరో టికెట్. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. ఉచితమే అయినా కండక్టర్ మిషన్ నొక్కి సున్నా రూపాయల టికెట్ ఇస్తాడు. ప్రయాణికురాలు పైసా ఇవ్వలేదు, ఆమెతో అమ్మకం అనేదే లేదు. మరి ఆ కాగితం ఎందుకు? ఎన్ని ప్రయాణాలు జరిగాయో లెక్క ఉంటేనే ప్రభుత్వం ఆర్టీసీకి ఆ సొమ్ము కట్టగలదు కాబట్టి. అమ్మకం సున్నా, వ్యాపార సమాచారం నిండుగా. ఈ-కామర్స్ ఏమాత్రం లేని ఈ-బిజినెస్ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, ములుగు బస్సులో మా అత్తమ్మ పర్సులో మడిచి పెట్టుకున్న ఆ చిన్న కాగితం చూపిస్తాను.

ఈ రెండు మాటలూ ఎక్కడివి?

అమ్మకాలు కంప్యూటర్ల మీదకు రావడం ఇంటర్నెట్‌తో మొదలవలేదు. పెద్ద కంపెనీలు ఒకదానికొకటి ఆర్డర్లు, బిల్లులు ఒక నిర్ణీత రూపంలో కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పంపుకునే పద్ధతి అంతకు ముందే ఉంది, దాన్ని ఈడీఐ అంటారు. 1979లో ఇంగ్లండ్‌లో మైకేల్ ఆల్డ్రిచ్ అనే ఆయన టీవీని టెలిఫోన్ లైనుతో కంప్యూటర్‌కు కలిపి కొనుగోలు చేసే ఏర్పాటు చేశాడు. ఈ-బిజినెస్ అన్న మాటను ఊరూరా మోగించింది మాత్రం ఐబీఎం, 1997లో పెద్ద ప్రచారం పెట్టి. ఐబీఎం అమ్మేది సరుకు కొట్లకు కావలసిన వెబ్‌సైట్ ఒక్కటే కాదు కదా, వ్యాపారం మొత్తాన్ని నడిపే యంత్రాలు, సాఫ్ట్‌వేర్, సలహాలు. అందుకే అమ్మకాన్ని దాటిన పెద్ద మాట వాళ్లకు కావలసి వచ్చింది. అంటే ఈ తేడాకు పుట్టుకలోనే కొంత మార్కెటింగ్ ఉంది, దాచాల్సిందేం లేదు.

ఆ తర్వాత నిర్వచనాలు ఎవరి అవసరానికి వాళ్లు కట్టుకున్నారు. అయోమయం ఇక్కడే.

సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీకి కావలసింది గణాంకాలు. ఎన్ని అమ్మకాలు నెట్‌వర్క్ మీద జరిగాయో దేశాలన్నీ ఒకేలా లెక్కపెట్టాలి. కాబట్టి ఇరుకైన నిర్వచనం పెట్టుకుంది: ఆర్డర్లు తీసుకోవడానికే ప్రత్యేకంగా చేసిన ఏర్పాటు ద్వారా కంప్యూటర్ నెట్‌వర్క్ మీద జరిగిన అమ్మకం, కొనుగోలు మాత్రమే ఈ-కామర్స్. ఫోన్ కాల్, ఫ్యాక్స్, చేత్తో టైప్ చేసి పంపిన ఈమెయిల్ లెక్కలోకి రావు. ఈడీఐ వస్తుంది.

ప్రపంచ వాణిజ్య సంస్థకు కావలసింది దేశాల మధ్య ఒప్పందాలు. 1998లో అది పెట్టుకున్న నిర్వచనం ప్రకారం సరుకుల, సేవల ఉత్పత్తి, పంపిణీ, ప్రచారం, అమ్మకం, అందజేత వీటిలో ఏది ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిగినా ఎలక్ట్రానిక్ కామర్సే. ఉత్పత్తిని కూడా కలిపేశారంటే ఇక మిగిలిందేముంది? మనం పైన ఈ-బిజినెస్ అన్నదాంట్లో చాలా భాగం వాళ్ల లెక్కలో ఈ-కామర్సే.

పాఠ్యపుస్తకాల్లోనూ రెండు దారులున్నాయి. ఒక దారి వాళ్లు ఈ-బిజినెస్ పెద్ద వృత్తం, ఈ-కామర్స్ దాని లోపలి చిన్న వృత్తం అంటారు. ఇంకో దారి వాళ్లు రెంటినీ వేరువేరుగా పెడతారు: సంస్థ గడప దాటి బయటివాళ్లతో విలువ మార్చుకుంటే ఈ-కామర్స్, గడప లోపల జరిగే డిజిటల్ పనులు ఈ-బిజినెస్. ఈ రెండో లెక్కన జీతాల సాఫ్ట్‌వేర్ ఈ-బిజినెస్, సైట్‌లో సరుకు అమ్మకం ఈ-కామర్స్, ఒకదానిలో ఒకటి ఇమడవు. నాకు మొదటి దారే సరిగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే గడప ఎక్కడుందో తేల్చడమే ఈ రోజుల్లో కష్టం. గీసుగొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఒక బట్టల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. విదేశీ బ్రాండు తన కంప్యూటర్ నుంచి నేరుగా ఆ ఫ్యాక్టరీ కంప్యూటర్‌లోకి ఆర్డరు దింపుతుంది, ఆ ఆర్డరు పడగానే నూలు ఎంత కావాలో, ఏ షిఫ్టులో ఎంతమంది కావాలో దానికదే లెక్క వేసుకుంటుంది. ఇందులో లోపల ఎక్కడ, బయట ఎక్కడ? అయినా సరే, పరీక్ష రాసేవాళ్లు వాళ్ల పుస్తకంలో ఏ దారి ఉందో చూసుకోక తప్పదు.

కొత్తవాడ దర్రీ: ఒక్కటే ఉంటే ఇద్దరికి అమ్మిన కథ

ఓరుగల్లు దర్రీల పేరు కొత్తది కాదు. 1851లో లండన్ మహాప్రదర్శనకు ఇక్కడి తివాచీలు వెళ్లాయి, 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడలో ఇప్పటికీ మగ్గం చప్పుడు వినొచ్చు, మా ఇళ్లలో వాటిని జంపఖానాలనే అంటాం. నాకు తెలిసిన ఒక నేత కుటుంబంలో అబ్బాయి ఇంజినీరింగ్ అయ్యాక ఇంటి దర్రీలను ఒక పెద్ద ఆన్‌లైన్ సైట్‌లో పెట్టాడు. ఫొటోలు బాగా తీశాడు, మేడ మీద ఎండలో పరిచి. మొదటి వారంలోనే ఆర్డర్లు వచ్చాయి.

ఇబ్బంది రెండో వారంలో వచ్చింది. నీలం, ఎరుపు చారల ఆరడుగుల దర్రీ ఒక్కటే మిగిలి ఉంది. పొద్దున వాళ్ల నాన్న ఇంటికొచ్చిన పాత గిరాకీకి దాన్ని అమ్మి, అలవాటు ప్రకారం నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. మధ్యాహ్నం అదే దర్రీకి సైట్‌లో ఆర్డరు పడింది, సైట్‌లో మాత్రం ఇంకా "ఒకటి ఉంది" అనే కనిపిస్తోంది. మళ్లీ నేయాలంటే నూలు అద్దకం నుంచి రోజులు పడుతుంది. ఆర్డరు రద్దు చేయాల్సి వచ్చింది, కొన్నామె తిట్టి ఒక స్టార్ ఇచ్చింది. "నేనేం తప్పు జేసిన్రా, ఇంటికొచ్చినోళ్లకు లేదని ఎట్లంట" అని నాన్న. ఆయన మాటా నిజమే.

ఈ ఇంట్లో ఈ-కామర్స్ ఉంది, ఈ-బిజినెస్ లేదు. ముందు గదికి కొత్త తలుపు పెట్టారు, వెనక గది ఇంకా నోట్‌బుక్ మీద నడుస్తోంది. తర్వాత వాళ్లు చేసిందేమీ బ్రహ్మవిద్య కాదు. ఫోన్‌లో ఒక షీటు, అందులో ఒక్కో దర్రీకి ఒక నంబరు, ఇంట్లో అమ్మినా సైట్‌లో అమ్మినా అదే షీటులో కొట్టేయడం. నాన్నకు టైప్ చేయడం చికాకు, అందుకని దర్రీకి కట్టిన చీటీ తెంపి డబ్బాలో వేస్తాడు, వాళ్లమ్మ షీటులో ఎక్కించి సైట్‌లో తీసేస్తుంది. షీటు, డబ్బా, అమ్మ కలిసి ఒక చిన్న ఈ-బిజినెస్.

డబ్బు లెక్క కూడా చూద్దాం, ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. అంకెలు నేను అనుకున్నవి, సైటును బట్టి మారతాయి. దర్రీ ధర 2,000. సైటు కమీషన్ 15 శాతం, 300. ఆ కమీషన్ మీద జీఎస్టీ 18 శాతం, 54. కొరియరు 180, ప్యాకింగ్ 40. పోగా 1,426. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లయితే సైటు 0.5 శాతం, అంటే 10 రూపాయలు పట్టుకుని ప్రభుత్వానికి కడుతుంది (దర్రీ మీది జీఎస్టీని సౌలభ్యం కోసం వదిలేశా), అది మళ్లీ వాళ్ల ఖాతాలోకే జమగా వస్తుంది. నూలు, రంగు, మజూరీ కలిపి 1,300 అయిందనుకుంటే మిగిలేది 126. పదిహేనులో ఒక దర్రీ వెనక్కి వచ్చి, రానూపోనూ కొరియరు మీద పడితే 360 పోయినట్టు, అంటే దాదాపు మూడు దర్రీల లాభం ఎగిరిపోతుంది. ఈ 126 అన్న అంకె అమ్మకం తెర మీద ఎక్కడా కనిపించదు. వెనక గదిలో లెక్క రాసుకుంటేనే కనిపిస్తుంది.

చట్టానికి తెలిసింది ఒక్క మాటే

జీఎస్టీ చట్టంలో వెతికితే ఎలక్ట్రానిక్ కామర్స్‌కు నిర్వచనం దొరుకుతుంది: డిజిటల్ లేదా ఎలక్ట్రానిక్ నెట్‌వర్క్ మీద సరుకులు, సేవలు సరఫరా చేయడం, డిజిటల్ ఉత్పత్తులతో సహా. అలాంటి వేదికను నడిపేవాళ్లకు ఎలక్ట్రానిక్ కామర్స్ ఆపరేటర్ అని పేరు. పైన చెప్పిన 0.5 శాతం పట్టుకునే బాధ్యత వాళ్లదే. 2018 అక్టోబరులో ఇది 1 శాతంతో మొదలైంది, 2024 జులై 10 నుంచి సగం చేశారు. వేరేవాళ్ల సరుకు అమ్మిపెట్టి డబ్బు తాము వసూలు చేసినప్పుడే ఇది వర్తిస్తుంది. కొత్తవాడ అబ్బాయి రేపు సొంత వెబ్‌సైట్ పెట్టి సొంత దర్రీలే అమ్మితే పట్టుకునే మధ్యవాళ్లే ఉండరు.

వినియోగదారుల రక్షణకు 2020లో ఈ-కామర్స్ నియమాలు వేరేగా వచ్చాయి. విదేశీ పెట్టుబడుల విషయంలోనూ ఈ మాటే: అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ కలిపే వేదికలోకి నూరు శాతం రావొచ్చు, సొంత సరుకు నిల్వపెట్టి నేరుగా జనానికి అమ్మే ఈ-కామర్స్‌లోకి రాకూడదు.

ఇన్నిచోట్ల ఈ-కామర్స్ ఉంది గానీ ఈ-బిజినెస్‌కు ఇలాంటి నిర్వచనం లేదు. కానీ తమాషా ఏమిటంటే, చిన్నా పెద్దా వ్యాపారులను ఈ-బిజినెస్‌లోకి బలవంతంగా నెట్టింది కూడా చట్టమే. వరంగల్‌లో పీవీసీ పైపుల హోల్‌సేల్ వ్యాపారిని ఊహించండి. వెబ్‌సైట్ లేదు, ఒక్క పైపు కూడా ఆన్‌లైన్‌లో అమ్మలేదు, మహబూబాబాద్ నుంచి కొట్టువాళ్లు వచ్చి కూర్చుని చాయ్ తాగి బేరం చేసి వెళ్తారు. అయినా సరుకు విలువ 50 వేలు దాటి లారీ కదలాలంటే ఈ-వే బిల్లు తీయాలి, తెలంగాణ లోపలి రవాణాకు ఇది 2018 ఏప్రిల్ నుంచి ఉంది. టర్నోవర్ 5 కోట్లు దాటితే ఇతర వ్యాపారులకు రాసే ప్రతి బిల్లునూ పోర్టల్‌లో ఎక్కించి నంబరు తెచ్చుకోవాలి, 2023 ఆగస్టు 1 నుంచి. నెలనెలా రిటర్నులు, ఎదుటివాళ్లు కట్టిన పన్నుతో తన లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం. చాయ్ మీద తెగిన బేరం, వెనక మొత్తం డిజిటల్. ఆయన్ని ఈ-బిజినెస్ చేస్తున్నారా అని అడిగితే "మాకవన్నీ తెల్వదండి, మాది పాత పద్ధతి" అంటాడు.

గీత మసకబారే చోట్లు

కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బులిస్తే? బేరం కౌంటర్ దగ్గర జరిగింది, డబ్బు మాత్రమే నెట్‌వర్క్ మీద పోయింది. ఈ-కామర్స్ కాదు, డిజిటల్ చెల్లింపు. దీన్నీ ఈ-కామర్స్‌నీ కలిపేయడం బాగా అలవాటైపోయింది.

మరి అదే కొట్టుకు వాట్సాప్‌లో "కందిపప్పు రెండు కిలోలు, నూనె ప్యాకెట్లు మూడు" అని మెసేజ్ పెడితే? ఓఈసీడీ లెక్కలో ఇది పడదు, ఎందుకంటే ఒక మనిషి టైప్ చేశాడు, ఇంకో మనిషి చదువుకున్నాడు, మధ్యలో ఆర్డరు తీసుకునే ఏర్పాటేదీ లేదు. అదే కొట్టువాళ్లు వాట్సాప్‌లోనే సరుకుల జాబితా పెట్టి, గుర్తు పెట్టగానే బుట్టలో పడి ఆర్డరు వెళ్లేలా చేస్తే పడుతుంది. మన జీఎస్టీ చట్టం మాటలు మాత్రం వెడల్పుగా ఉన్నాయి, నెట్‌వర్క్ మీద సరఫరా అంటే మామూలు మెసేజ్ వస్తుందా రాదా అని వాదించుకోవడానికి జాగా ఉంది.

ఇవన్నీ చూసి, అసలు ఈ విభజనే పాతబడిపోయింది, ఇప్పుడు ఏ వ్యాపారమైనా ఎంతో కొంత డిజిటలే, కరెంటు వాడే కొట్టును కరెంటు కొట్టు అంటామా అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో పస ఉంది. ఇంకోవైపు, మాట కొట్టేస్తే సమస్య పోదు అనేవాళ్లున్నారు: పన్ను ఎవరు పట్టుకోవాలి, పాడైన సరుకుకు ఎవరు జవాబుదారీ, రుణం అడిగినప్పుడు ఆన్‌లైన్ అమ్మకాలెన్ని అని బ్యాంకు అడిగితే ఏం చూపాలి, ఇవన్నీ బేరం ఎక్కడ తెగిందన్న దాని మీదే ఆధారపడతాయి. కొత్తవాడ నోట్‌బుక్ చూశాక నేను రెండో వైపు మొగ్గాను.

ఇది రాస్తుండగా మామ మళ్లీ ఫోన్ చేశాడు. రెండో ఏరు పత్తి తక్కువ వచ్చిందట, స్లాట్ ఎందుకులే అని ఊళ్లోకి వచ్చే వ్యాపారికే ఇచ్చేశాడు. ధర ఎట్లా అన్నాను. "ఫోన్లనే మాట్లాడినం. ఏడు వేలన్నడు, నేను ఏడువేల రెండు వందలన్న, సరే అన్నడు. ఫోన్ గూడ కరెంటుదే గదా అల్లుడా, బేరం దాంట్లనే తెగింది. మరి ఇదేంది?"

నా గుర్తును నా మీదే తిప్పాడు. ఫోన్ తీగ మీద తెగినా, అవతల విన్నది మనిషి చెవి, సరే అన్నది మనిషి నోరు. ఆర్డరు పట్టుకోవడానికే పెట్టిన యంత్రం ఏదీ మధ్యలో లేదు కాబట్టి ఫోన్ కాల్ బేరాలను ఓఈసీడీ లెక్కలోంచి తీసేసిందని చెప్పాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సరే గని, ఆయన పైసలు ఫోన్‌పేల ఏసిండు, వచ్చినయా లేదా జర జూసి చెప్పు" అన్నాడు.